తీరప్రాంతానికి మారే ముందు: ఆ ఊరు సైకిలుకు అనువైనదో కాదో తేల్చుకోవడం ఎలా

విశాఖపట్నం ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారేసరికి బారులు తీరిన సైకిళ్లను చూసి, ఈ ఊరికి మారిపోతే తామూ రోజూ ఇలాగే తొక్కుకోవచ్చునని నిర్ణయానికి వచ్చేవారు తక్కువమంది కారు. ఆ రోడ్డు నిజంగానే బాగుంటుంది. వెడల్పుగా ఉంటుంది, ఒక పక్కన సముద్రమే కాబట్టి అటునుంచి అడ్డం వచ్చే వాహనం ఉండదు, నడకకు వచ్చేవారి కోసం ఉదయం కొంతసేపు మోటారు వాహనాలను ఆపే పద్ధతి కూడా అక్కడ ఏళ్లుగా ఉంది. అయితే ఎంవీపీ కాలనీలో ఇల్లు తీసుకున్న మనిషి రైతుబజారుకు, పిల్లల బడికి, మద్దిలపాలెం దాటి ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆ రోడ్డెక్కడు. సముద్రపు ఒడ్డున ఉన్న ఏ ఊరినైనా సైకిలు కోసం తూచేటప్పుడు బీచ్ రోడ్డును లెక్కలో చివరన పెట్టుకోవాలి. రోజూ తొక్కవలసిన దారిని, ఆ దారి మీద సముద్రం తెచ్చిపెట్టే గాలిని, ఉప్పును, వానను ముందు చూడాలి. ఇక్కడ ఉదాహరణలను ఎక్కువగా విశాఖపట్నం, కాకినాడ, కోనసీమల నుంచే తీసుకుంటున్నాను. ఇవి మూడూ మన తీరంలోనే ఉన్నా, సైకిలు తొక్కేవారికి ఒకదానికొకటి పోలికలేని ప్రాంతాలు.

ముందు మీ దారులు రాసుకోండి

ఊరు చూడటానికి బయలుదేరక ముందే, కొత్త చోట మీరు వారంలో ఎక్కడెక్కడికి వెళ్లవలసి ఉంటుందో ఒక కాగితం మీద రాయండి. ఉద్యోగం, బడి, కూరగాయల బజారు, ఆసుపత్రి, రైల్వే స్టేషను లేదా బస్టాండు, గుడి, బంధువుల ఇల్లు, ఇలా ఎనిమిదో పదో తేలతాయి. అలవాటున్న మనిషి మామూలు సైకిలు మీద గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు వెళ్తాడు. అంటే 5 కిలోమీటర్ల దూరానికి 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. రోజూ తప్పని పనులన్నీ 5 కిలోమీటర్ల లోపు ఉంటే ఆ ఇంటిని పరిశీలించవచ్చు. 8 కిలోమీటర్లు దాటితే తీరపు ఉక్కపోతలో కొన్నాళ్లకు మీ చేయి బండి తాళాల వైపు పోతుంది. పట్టుదల గలవారి సంగతి వేరు.

అద్దె తక్కువనో, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుందనో ఊరికి దూరంగా ఇల్లు తీసుకున్నప్పుడు మొదట దెబ్బ తగిలేది సైకిలుకే. రుషికొండ, సాగర్ నగర్ వైపు ఇల్లు, పోర్టు వైపో గాజువాక వైపో ఉద్యోగం అయితే, ఆ ఊళ్లో ఎన్ని మంచి రోడ్లున్నా మీకు ఉపయోగపడేది సెలవురోజు షికారుకే.

ఎత్తుపల్లాలు

తీరం అంటే చదును అనుకోవడం సహజమే గాని, తూర్పు కనుమల గుట్టలు సముద్రం దాకా వచ్చిన విశాఖపట్నంలో అది నిజం కాదు. సిరిపురం, వాల్తేరు అప్‌ల్యాండ్స్ వైపు నుంచి బీచ్‌కు దిగే వీధుల్లో ఉదయం పెడల్ తొక్కకుండానే జారిపోవచ్చు. మధ్యాహ్నం ఎండలో అదే వీధిని ఎక్కి ఇంటికి రావాలి. కైలాసగిరి కింద తెన్నేటి పార్కు దగ్గర బీచ్ రోడ్డు కూడా ఎక్కుతుంది. జాతీయ రహదారి మీద హనుమంతవాక, ఎండాడల వైపు వెళ్లేవారు గేర్లు లేని సైకిలుతో ఆయాసపడతారు. అదే కాకినాడలోనో, అమలాపురంలోనో, మచిలీపట్నంలోనో అయితే నేల డెల్టా మట్టి కాబట్టి బల్లపరుపుగా ఉంటుంది.

ఎక్కుడును కంటితో అంచనా వేస్తే పొరపాటు పడతారు. గూగుల్ ఎర్త్‌లో ఇంటి నుంచి ఆఫీసుకు దారి గీసుకుంటే ఎత్తుపల్లాల రేఖ కనబడుతుంది. 100 మీటర్ల దూరంలో 2 మీటర్లు ఎక్కే రోడ్డును ఎవరైనా తొక్కగలరు. 100 మీటర్లకు 4 మీటర్లు ఎక్కే చోట, చదును నేల మీద నెమ్మదిగా తొక్కేటప్పటి కంటే మూడు రెట్లకు పైగా బలం పెట్టాలి. 6 మీటర్లు దాటితే గేర్లు లేని సైకిలును దిగి నడిపించుకోవలసిందే. ఒక్క నిట్టనిలువు ఎక్కుడు ఉంటే దాన్ని చుట్టి పోయే వీధి ఉందేమో వెతకండి. పాత కాలనీల్లో ఇలాంటి దారులు తరచుగా దొరుకుతాయి. వాటిని అడగవలసింది ఆటో నడిపేవారిని కాదు, బళ్ల మీద కూరలు, పండ్లు తోసుకుంటూ అమ్మేవారిని. బరువు తోసేవారికి ఏ వీధి ఎంత ఎక్కుతుందో కాళ్లకు తెలుస్తుంది.

చదునైన ఊళ్లలో ఎక్కుడు రైల్వే వంతెన రూపంలో ఎదురవుతుంది. రైలుమార్గం ఊరిని రెండుగా చీల్చే చోట ఇల్లు ఒక పక్క, బజారు మరో పక్క అయితే రోజుకు రెండుసార్లు ఓవర్‌బ్రిడ్జి ఎక్కి దిగాలి. దాని మీద బస్సులు, లారీలు వేగం పుంజుకొని వస్తుంటాయి, సైకిలు తప్పుకోవడానికి పక్కన జాగా ఉండదు. వంతెన కింద పాత గేటుగాని, సబ్‌వేగాని తెరిచి ఉందో లేదో చూడండి. ఉంటే వానాకాలంలో అందులో ఎంత నీరు నిలుస్తుందో కూడా అడగాలి.

గాలి

తీరప్రాంతాన్ని మిగతా ఊళ్ల నుంచి వేరు చేసేది ఇదే. ఇల్లు చూసుకునేవారు దీన్ని హాయిగా ఉందని మెచ్చుకుంటారు గాని, సైకిలుకు ఇది ఎటు తోస్తుందో లెక్క వేయరు. పగలు ఎండకు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఇది సాధారణంగా పూట ఎక్కిన తర్వాత మొదలై మధ్యాహ్నం బలపడి సాయంత్రానికి తగ్గుతుంది. రాత్రి గాలి నేల నుంచి సముద్రం వైపు మళ్లుతుంది, కాని అంత బలంగా ఉండదు. కనుక ఉదయం ఆరింటికి తొక్కి చూసి ఊరు బాగుందనుకున్నవారికి, సాయంత్రం నాలుగింటికి అదే దారి పూర్తిగా వేరుగా ఉంటుంది.

దీనికి తోడు రుతువుల గాలి ఉంది. విశాఖ నుంచి భీమిలి దాకా సుమారు 25 కిలోమీటర్ల తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంటుంది. వేసవి నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా నైరుతి వైపు నుంచి వీస్తుంది కాబట్టి, ఆ నెలల్లో భీమిలికి వెళ్లేటప్పుడు గాలి వీపున తోస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇది తారుమారవుతుంది. వెళ్లేటప్పుడు సులువుగా 15 కిలోమీటర్లు పోయి, వెనక్కి తిరిగాక సగం దారిలో ఒంట్లో సత్తువ అయిపోయి కూర్చున్నవారు ఆ రోడ్డు మీద ఏటా కనిపిస్తారు.

ఎదురుగాలి ఎంత పని చేస్తుందో అంకెల్లో చూడండి. గాలి అడ్డగింపు, మనకూ గాలికీ మధ్య ఉన్న వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కే మనిషికి గంటకు 15 కిలోమీటర్ల గాలి ఎదురైతే, గాలి లేనప్పటి కంటే నాలుగు రెట్ల అడ్డగింపు ఉంటుంది. బరువు, సైకిలు అన్నీ కలిపి చూస్తే అది దాదాపు 100 మీటర్లకు 2 మీటర్లు ఎక్కే రోడ్డుతో సమానం. తేడా ఏమిటంటే ఎక్కుడు ఎక్కడో ఒకచోట ముగుస్తుంది, ఎదురుగాలి ఇంటి గేటు దాకా వస్తుంది.

భారత వాతావరణ శాఖ ప్రతి జిల్లాకూ గాలి దిశను, వేగాన్ని చెబుతూనే ఉంటుంది. విశాఖపట్నంలో ఆ శాఖకు తుఫాను హెచ్చరికల కేంద్రమే ఉంది. మే నెల, ఆగస్టు నెల, నవంబరు నెల, ఈ మూడింటిలో మధ్యాహ్నపు గాలి ఎటునుంచి ఎంత వేగంతో వస్తోందో చూసి, మీ ఇల్లు–ఆఫీసు దారి దానికి ఎదురా, అడ్డమా, తోడా అన్నది కాగితం మీద బాణపు గుర్తులతో వేసుకోండి. ఉదయం ఆఫీసుకు ఎదురుగాలి, సాయంత్రం ఇంటికి తోడుగాలి అయితే అది అన్నిటికంటే మంచి ఏర్పాటు. మేడల మధ్య నుంచి పోయే లోపలి వీధి ఉంటే అడ్డగాలి బాధ బాగా తగ్గుతుంది. బీచ్ రోడ్డును ఆనుకొని లోపల పోయే వీధులను అందుకే విడిగా గుర్తు పెట్టుకోవాలి.

వేసవిలో మరో ఇబ్బంది ఉంది. పడమటి నుంచి వడగాలి బలంగా వీచే రోజుల్లో సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. మిగతా రోజుల్లో తేమ ఎక్కువ కావడం వల్ల చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. రెండు రకాల రోజుల్లోనూ నీడ ఎంతుందన్నదే దారికి కొలమానం. 12 అక్టోబరు 2014న వచ్చిన హుద్‌హుద్ తుఫాను విశాఖలో పెద్ద చెట్లను లెక్కలేనన్ని కూల్చింది. నిద్రగన్నేరు, కానుగ, వేప ఇంకా పెద్దవిగా నిలిచి ఉన్న వీధులు మీ దారిలో పడితే, కిలోమీటరు ఎక్కువైనా వాటి మీదుగానే వెళ్లేలా దారి మార్చుకోండి. కోనసీమలో కాలువ గట్ల మీద కొబ్బరి తోటల నీడలో పోయే రోడ్లు ఈ విషయంలో మన తీరంలో అన్నిటికంటే మేలైనవని నా అభిప్రాయం.

ఉప్పు

సైకిలును తినేసేది వానకంటే ఉప్పు గాలి. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపరలోని ఉప్పు ఇనుము మీద చేరి, గాలిలోని తేమను లాగి పట్టి ఉంచుతుంది. పైకి పొడిగా కనిపించే చైను మీద కూడా పలుచని ఉప్పునీటి పొర ఉంటుంది. తుప్పు అక్కడ మొదలవుతుంది. ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలో ఇది చాలా ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ త్వరగా తగ్గిపోతుంది. అందుకే ఒకే ఊళ్లో రెండు వీధుల తేడాతో సైకిలు ఆయుష్షు మారిపోతుంది.

మీరు చూస్తున్న ఇల్లు ఉప్పు తగిలే చోట ఉందో లేదో ఇంటి యజమానిని అడగనక్కరలేదు, ఇల్లే చెబుతుంది. గేటు దగ్గర ఆగి బందులను చూడండి. రంగు కింద పొక్కులు లేచి, గోటితో తడితే పెచ్చుగా ఊడి, లోపల ఎర్రటి పొడి రాలితే ఉప్పు బలంగా తగులుతున్నట్టే. తర్వాత కిటికీ ఊచలను, అవి గోడలోకి దిగే చోటును చూడండి. ముందుగా అక్కడే సన్నబడతాయి. ఏసీ బయటి పెట్టె కింద ఉన్న ఇనుప స్టాండు, మీటరు పెట్టె మూత, సన్‌షేడ్ అడుగున సిమెంటు ఊడి బయటపడ్డ ఇనుప చువ్వ, ఇవి ఒకదాని తర్వాత ఒకటి చూస్తే అయిదు నిమిషాల్లో సంగతి తెలుస్తుంది. కొత్తగా రంగు వేసిన ఇల్లు అయితే ఎదురింటిని చూడండి. చివరగా ఆ వీధిలో ఇంటి బయట పెట్టి ఉన్న ఏదో ఒక సైకిలు రిమ్ము దగ్గరకు వెళ్లి, చువ్వలు రిమ్ములోకి దూరే నిపుల్స్‌ను గమనించండి. అవి తుప్పుతో బిగుసుకుపోతే చక్రం బెండు తీయడానికి వీలుండదు, చువ్వలే విరుగుతాయి.

ఉప్పు తగిలే చోట ఉండదలిస్తే తొక్కవద్దని కాదు, ఖర్చు లెక్క వేసుకోవాలని చెబుతున్నాను. వారానికి ఒకసారి మంచినీటితో కడిగి, తుడిచి, ఆరాక చైనుకు నూనె పెట్టాలి. బ్రేకు వైర్లు, చైను, ఫ్రీవీలు లోపలి ఊళ్లలో కంటే ముందే మార్చవలసి వస్తుంది. సైకిలును సముద్రం వైపు బాల్కనీలో పెట్టకూడదు. ఇంట్లో దానికి అంతకంటే చెడ్డ చోటు లేదు. వీధి వైపు గదిలోనో, మెట్ల కిందనో, తలుపు మూసే చోట పెట్టుకునే వీలున్న ఇల్లే చూడండి.

వాన, వరద, తుఫాను

మన తీరానికి వాన రెండు విడతలుగా వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ తర్వాత డిసెంబరు దాకా ఈశాన్యం. విశాఖలో అక్టోబరు బాగా వానలు పడే నెల. తుఫానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరులలో, కొంతవరకు మే నెలలో వస్తాయి. సైకిలుకు వానకంటే నిలిచిన నీటితోనే ప్రమాదం, ఎందుకంటే నీటి కింద మూత లేని కాలువ ఉందో, గుంట ఉందో కనబడదు.

ఎండాకాలంలో వెళ్లినా నీరు నిలిచే వీధిని గుర్తు పట్టవచ్చు. ప్రహరీ గోడల మీద ఒకే ఎత్తులో సాగిన మరక, వాకిట్లో రోడ్డు కంటే బాగా పైకి కట్టుకున్న మెట్లు, దుకాణం గడపకు అడ్డంగా కట్టిన ఇటుక వరస, రోడ్డును మళ్లీ మళ్లీ ఎత్తు చేయడంతో కిందికి దిగిపోయిన పాత ఇళ్లు, ఇవన్నీ దానికి సాక్ష్యాలు. అపార్ట్‌మెంటు సెల్లారులో సైకిళ్లు పెట్టుకుంటారని చెబితే, మోటారు పెట్టి నీళ్లు తోడిన రోజులు ఉన్నాయా అని వాచ్‌మన్‌ను అడగండి. గోదావరి లంకల్లో, వాటి పక్క ఊళ్లలో అయితే జూలై, ఆగస్టు వరదలకు ఏ రోడ్డు మునుగుతుంది, ఏ గట్టు మీదుగా బయటపడతారు అన్నది అక్కడి పెద్దలను అడిగితే ఖచ్చితంగా చెబుతారు.

ఒడ్డున ఉన్న రోడ్డు శాశ్వతం అనుకోవద్దు. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటం వల్ల ఊరి ముందు అలల ఉధృతి తక్కువ. కాని ఉత్తరాన ఉప్పాడ వైపు ఆ అడ్డు లేదు. అక్కడ సముద్రం ఏళ్లుగా నేలను కోస్తోంది, రాళ్లు పేర్చి కాపాడే ప్రయత్నాలు జరుగుతున్నా తుఫాను వచ్చినప్పుడల్లా కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు దెబ్బతింటుంది. చూడటానికి అది సైకిలు కోసమే వేసినట్టున్న రోడ్డు. అయినా ఉద్యోగానికి వెళ్లే దారిగా దాని మీద మాత్రమే ఆధారపడే ఇల్లు తీసుకోకూడదు. లోపలి నుంచి పోయే రెండో దారి తొక్కదగ్గదిగా ఉంటేనే ఆలోచించండి.

రోడ్డు, దాని మీద తిరిగేవి

తీరపు ఊళ్లలో రేవులుంటాయి, రేవులుంటే లారీలుంటాయి. విశాఖపట్నం పోర్టు, గంగవరం పోర్టులకు పోయే బళ్ల వల్ల గాజువాక, షీలానగర్ ప్రాంతాల్లో పెద్ద రోడ్లు సైకిలుకు పనికిరావు. అక్కడే ఉక్కునగరం లోపలి వీధులు చెట్లతో, తక్కువ రద్దీతో హాయిగా ఉంటాయి. లోపల తిరిగేవారికి స్వర్గం, గేటు దాటితే వేరే లోకం. కాకినాడ రేవు నుంచి బియ్యం ఎగుమతి పెద్ద ఎత్తున జరుగుతుంది కాబట్టి, పోర్టు రోడ్డులో లారీలు బారులు తీరే రోజులు ఉంటాయి. మీ దారి ఇలాంటి రోడ్డును అడ్డంగా దాటితే ఫరవాలేదు, సిగ్నలు ఉంటే చాలు. దాని వెంబడి కిలోమీటరు దూరం పోవలసి వస్తే ఆ ఇంటిని వదిలేయమని చెబుతాను.

నౌకాదళానికి చెందిన స్థలాలను కూడా పటంలో చూసుకోవాలి. పటంలో రోడ్డు గీత ఉన్నా, లోపలికి అందరినీ వెళ్లనివ్వరు. దగ్గరి దారి అనుకున్నది అక్కడ ఆగిపోయి, చుట్టు తిరిగి పోవలసి వస్తుంది.

రోడ్డు పక్క అంచును దిగి చూడండి. తారు రోడ్డుకూ మట్టికీ మధ్య బెత్తెడు లోతు ఉంటే, లారీ వెనక నుంచి హారన్ కొట్టినప్పుడు సైకిలు దిగలేదు, దిగితే పడుతుంది. కాలువ మూతల మీది కంతలు రోడ్డు వెంబడి నిలువుగా ఉంటే సన్నటి టైరు వాటిలో ఇరుక్కుంటుంది. అడ్డంగా ఉంటే ఇబ్బంది లేదు. ఒడ్డుకు దగ్గరి మలుపుల్లో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పేరుకుంటుంది, దాని మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. కోనసీమ కాలువ గట్ల గురించి ఇందాక మెచ్చుకున్నాను గాని, వాటిలో చాలా రోడ్లు ఇరుకు, కాలువ వైపు పిట్టగోడ ఉండదు, రాత్రి దీపాలు తక్కువ. పొద్దుపోయాక ఉద్యోగం నుంచి వచ్చేవారు ఇది గుర్తుంచుకోవాలి.

సెలవురోజు రద్దీ వేరు, పనిరోజు రద్దీ వేరు. కార్తీక మాసంలో వనభోజనాలు, కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలు, ఆదివారం సాయంత్రాలు, ఇవి సూర్యలంక, మంగినపూడి బీచ్‌లకు పోయే రోడ్లను కార్లతో నింపేస్తాయి. ఏడాదికి కొన్ని రోజులే గనక వీటిని చూసి ఊరిని కాదనకండి.

కొన్ని చోట్ల ఒడ్డు రోడ్డును వాహనాలకు మూసే వేళలుంటాయి. పుదుచ్చేరిలో బీచ్ రోడ్డును సాయంత్రం నుంచి మూసివేస్తారు. ఇలాంటి ఏర్పాటును ఏళ్ల తరబడి నిలబెట్టిన ఊరి యంత్రాంగం మీద నాకు గౌరవం ఉంది. అయినా ఆ వేళల్లో సైకిలును రానిస్తారా, నడిచేవారికే వదులుతారా అన్నది అక్కడి పోలీసును అడిగి తెలుసుకోవాలి.

ఎవరు తొక్కుతున్నారో చూడండి

కేంద్ర ప్రభుత్వం 2020లో నగరాల మధ్య సైకిలు పోటీ ఒకటి పెట్టింది. మన వైపు నుంచి వరంగల్ గెలిచిన నగరాల్లో నిలిచింది. ఇలాంటివి జరగడం మంచిదే. కాని ఇల్లు మారేవారికి పథకం ప్రకటన కంటే రోడ్డు మీద కనిపించే మనుషులే నమ్మదగ్గ రుజువు. పనిరోజున ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య, మీ దారిలో అన్నిటికంటే రద్దీగా ఉండే కూడలి పక్కన నిలబడి పది నిమిషాలు లెక్కపెట్టండి. ఎన్ని సైకిళ్లు పోయాయి, వాటిలో ఆడవారు ఎందరు, బడిపిల్లలు ఎందరు, హెల్మెట్టు పెట్టుకొని వ్యాయామానికి వచ్చినవారు ఎందరు, పనికి పోయేవారు ఎందరు అని విడివిడిగా గీతలు పెట్టుకోండి.

బడికి ఆడపిల్లలు గుంపుగా సైకిళ్ల మీద పోతూ కనిపించిన రోడ్డు మీద నాకు వెంటనే నమ్మకం కుదురుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడి బాలికలకు సైకిళ్లు పంచిన పథకాలు ఉన్నాయి గనుక సైకిలు ఇంట్లో ఉన్న పిల్లలు చాలామందే ఉంటారు; ఆ పిల్లను ఆ రోడ్డు మీదికి పంపించాలా వద్దా అని ప్రతి ఉదయం నిర్ణయించేది ఆమె తల్లి. ఆ తల్లుల నిర్ణయం కంటే పెద్ద సర్వే ఇంకొకటి లేదు. వ్యాయామానికి వచ్చేవారు మాత్రమే కనిపించి, ఎనిమిది దాటాక వారు కూడా మాయమైతే, ఆ రోడ్డు షికారుకు మంచిది, బతుకుతెరువుకు కాదు.

అదే కూడలిలో ఎడమ వైపు తిరిగే కార్లు, ఆటోలు సైకిలును చూసి ఆగుతున్నాయా, ముందుకు దూసుకొచ్చి అడ్డంగా కోస్తున్నాయా అని కూడా గమనించండి. చేపల గంపలు, ఐసు పెట్టెలు సైకిలు క్యారియరు మీద కట్టుకొని తెల్లవారుజామున రేవు నుంచి ఊళ్లోకి వచ్చేవారు ఇంకా ఉన్న ఊరయితే, ఏ వీధిలో కుక్కలు వెంటపడతాయో, ఎక్కడ దీపాలు వెలగవో వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వారితో మాట్లాడండి.

మరమ్మతు షాపు

పంక్చరు షాపులు అన్ని ఊళ్లలోనూ ఉంటాయి, కాని వాటిలో చాలావరకు ఇప్పుడు మోటారు సైకిళ్లవే. ఇంటికి కిలోమీటరున్నర లోపు సైకిలు పని తెలిసిన షాపు ఉండాలి. లోపలికి వెళ్లి మీ సైకిలు టైరు కొలత చెప్పి ట్యూబు అడగండి. పాత పద్ధతి సైకిలు ట్యూబులు, 26 అంగుళాల ట్యూబులు దొరుకుతాయి. సన్న టైర్ల 700సీ కొలత గేర్ల సైకిలు మీదైతే దొరకకపోవచ్చు. ఓవరాయిలింగ్‌కు ఎంత తీసుకుంటారో, ఎన్ని రోజులు పెట్టుకుంటారో అడిగితే ఆ షాపుకు ఎంత పని వస్తోందో తెలుస్తుంది. సైకిళ్లు వరసకట్టి ఉన్న షాపు ఉందంటే ఆ చుట్టుపక్కల తొక్కేవారు ఉన్నట్టే.

తొక్కి చూడకుండా సంతకం చేయవద్దు

ఇన్ని చూశాక కూడా ఒకసారి తొక్కి తీరాలి. కుదిరితే సొంత సైకిలును రైల్లో సామాను పెట్టెలో బుక్ చేసుకొని తీసుకెళ్లండి, లేదా అద్దెకో బంధువుల దగ్గరో తీసుకోండి. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం వెళ్లవద్దు. ఆ చల్లదనంలో ఏ ఊరైనా బాగుంటుంది. మే నెల మధ్యాహ్నాన్ని, అక్టోబరు వానను చూడగలిగితే మంచిది, రెంటిలో ఒకటే వీలైతే అక్టోబరుకే వెళ్లండి. ఉండేది రెండు రోజులే అయినా ఒకటి పనిరోజు కావాలి.

మొదటి రోజు ఉదయం, మీరు ఆఫీసుకు బయలుదేరే సమయానికే ఆ ఇంటి గేటు నుంచి ఆఫీసు గేటు దాకా, ఆఫీసు బట్టలతో, సంచితో తొక్కండి. సాయంత్రం ఆ వేళకే తిరిగి రండి. చేరాక ఒళ్లు తుడుచుకొని బట్టలు మార్చుకునే చోటు ఆఫీసులో ఉందో లేదో ఆ రోజే చూసుకోవాలి, తీరపు చెమటకు అది సౌకర్యం కాదు, అవసరం. రాత్రి ఎనిమిది తర్వాత బజారుకు వెళ్లి, అయిదు కిలోల బరువు క్యారియరు మీద కట్టుకొని రండి. రెండో రోజు మీ ఇంట్లో అందరికంటే తక్కువ అలవాటున్నవారిని, భార్యనో భర్తనో, పన్నెండేళ్ల పిల్లనో, అదే దారిలో తొక్కించండి. వారు దిగి నడిపించిన ప్రతి చోటునూ పటంలో గుర్తు పెట్టండి. దారి మొత్తంలో అలాంటి చోట్లు ఒకటి రెండుంటే ప్రత్యామ్నాయం వెతకవచ్చు. నాలుగైదుంటే ఆ కుటుంబం అక్కడ సైకిలు తొక్కదు, మీరొక్కరే తొక్కుతారు.

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి వశిష్ఠ గోదావరి మీద పంటులో (మనుషులను, బళ్లను దాటించే పెద్ద పడవలో) దాటేవారిలాగా, మీ దారిలో రేవు ఉంటే మొదటి పంటు ఎప్పుడు, చివరి పంటు ఎప్పుడు, సైకిలుకు ఎంత, వరద రోజుల్లో ఎన్నాళ్లు ఆపుతారు అన్నవి ముందే తెలుసుకోండి.

రెండు ఇళ్లు అన్నిటా సమానంగా తేలితే, సముద్రానికి దగ్గరదాన్ని వదిలి బజారుకు, బడికి దగ్గరదాన్ని తీసుకోండి. సముద్రం దగ్గరకు సెలవురోజున తొక్కుకొని వెళ్లవచ్చు. ముందుగా అద్దెకే దిగండి; మన దగ్గర మామూలుగా రాసుకునే 11 నెలల ఒప్పందంలో ఒక ఎండాకాలం, ఒక తుఫానుల కాలం దాదాపు తప్పకుండా వచ్చిపోతాయి. ఆ రెండూ గడిచాక ఇంకా సైకిలు మీదే తిరుగుతున్నట్టయితే, అప్పుడు ఆ వీధిలో కొనడానికి ఇల్లు వెతకవచ్చు.